గోత్రాలు వేరు

మా ఆయన్ని నేను బావా అంటాను. ముద్దుకి కాదు, నిజంగానే బావ. మా నాన్న చెల్లెలి కొడుకు. షాంటిలీలో మా వీధి తెలుగువాళ్ళు “ఇంకా బావా అనే పిలుస్తారా అండీ, ఎంత బావుందో!” అని నవ్వుతుంటారు. బావుండటానికేముంది, నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ అదే పిలుపు. పెళ్ళయ్యాక మేనత్త అత్తగారైంది, అంతే తేడా. “మా పుట్టింటి పిల్లే నా ఇంటికొచ్చింది” అని ఆవిడ ఊరంతా చెప్పుకుంది.

అమ్మాయి పుట్టినప్పుడు అందరూ నానమ్మ ముక్కే దిగిపోయింది అన్నారు. నానమ్మంటే నాకు నానమ్మ, బావకి అమ్మమ్మ. “రెండువైపుల నుంచీ వస్తుంటే రాక ఛస్తుందా!” అన్నాడు బావ. ఆ మాటకి హాస్పిటల్ గదిలో పగలబడి నవ్వాం.

ఆ పిల్ల మిడిల్ స్కూల్లో ఉండగా కుక్క కావాలని ప్రాణం తీసింది. బావ ఏది కొన్నా మేలురకమే కొనాలి, అదో జబ్బు. షెల్టర్ నుంచి దిక్కులేని కుక్కని తెచ్చుకుందామంటే వినలేదు. పెన్సిల్వేనియా దాకా డ్రైవ్ చేసి, కుక్కల్ని పెంచి అమ్మే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన గోడ మీది ఫొటోలు చూపించి వంశచరిత్ర మొదలుపెట్టాడు. మా పిల్లకుక్క తల్లికి తండ్రీ, తండ్రికి తల్లీ ఒకే ఈతలో పుట్టినవాళ్ళట. అందుకే జాతి అంత శుద్ధంగా ఉందట. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో బావ, “విన్నావా, మన కుక్కది మేనరికం సంబంధం! మనింటికి సరిగ్గా సరిపోయింది” అన్నాడు. ఇల్లు చేరేదాకా అదే జోకు.

పోయిన శీతాకాలం ఆ కుక్క చీకటి పడితే సోఫాకి గుద్దుకోవడం మొదలుపెట్టింది. మెట్ల దగ్గరికొచ్చి కాలు చాపి, వెనక్కి తీసుకుని మూలిగేది. మేం ముగ్గురం ఎక్కువ తినిపించి బద్ధకం నేర్పామనుకున్నాను. దాన్ని ముగ్గురం కుక్కల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కళ్ళలోకి లైట్ వేసి చూసి, కంటి వెనక పొర చచ్చిపోతోందని చెప్పాడు. మొదట రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్కలు కనబడవు, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగులుతుంది, చివరికి అదీ పోవచ్చు. నొప్పి ఉండదు, మందూ లేదు. దగ్గరి చుట్టరికంలో జత కట్టిస్తే ఇలాంటివి బయటపడతాయన్నాడు.

అమ్మాయి కుక్క మెడ నిమురుతూ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. పక్కలు పోతున్నట్టు దానికి తెలుస్తుందా? ముందు నుంచీ అంతే అనుకుంటుందా? దీనికి సైన్స్ పిచ్చి కదా, అడగనీ అని ఊరుకున్నాను.

కార్ ఎక్కగానే నాకు ఒళ్ళు మండిపోయింది. “వాడి మొహం మండ! అన్నాచెల్లెళ్ళ పిల్లల్ని తెచ్చి జత కడతాడా సిగ్గులేకుండా! నోరులేని జీవం ఉసురు ఊరికే పోతుందా?” అని ఆ పెన్సిల్వేనియా మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. బావ కార్ స్టార్ట్ చేసి రోడ్డు మీదికి తీశాడు. వెనక సీట్లోంచి అమ్మాయి మెల్లిగా అంది.

“అమ్మా, నాకు కూడా అట్లాగే ఉంటుంది. డార్క్‌లో ఏం కనిపించదు. అందరికీ అంతే అనుకున్నాను.”

ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో సాయంత్రంపూట తట్టుకుని పడితే “కళ్ళెక్కడ పెట్టుకుని నడుస్తావే” అని నేనే కసిరేదాన్ని. లర్నర్స్ పర్మిట్ వచ్చిన పిల్ల పొద్దుగూకితే డ్రైవింగ్‌కి రానని ఎందుకు మొండికేస్తోందో అప్పటిదాకా మా ఇద్దరికీ అర్థం కాలేదు.

కంటి డాక్టర్ చూశాక మమ్మల్ని జెనెటిక్స్ చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు. చిన్నపిల్లే, మర్యాదగా మాట్లాడింది. కాగితం మీద మా రెండు కుటుంబాలవాళ్ళనీ గుండ్రాలుగా, చదరాలుగా గీస్తూ, మీ ఇద్దరికీ రక్తసంబంధం ఏమైనా ఉందా అని ఇంగ్లిష్‌లో అడిగింది.

“నో, నో” అన్నాడు బావ వెంటనే. నేనూ తల అడ్డంగా ఊపాను. అబద్ధం ఆడదామని కాదు. మా ఇద్దరికీ అదే నిజం. నాది మా నాన్న గోత్రం, ఆయనది వాళ్ళ నాన్న గోత్రం. ఇంటిపేర్లు వేరు. పెదనాన్న కొడుకైతే అన్నయ్య, అది రక్తం. మేనత్త కొడుకు రక్తం ఎట్లా అవుతాడు, బావ అవుతాడు గానీ!

మా అమ్మాయి మా ఇద్దరి వంకా చూసి, “నానమ్మ అంటే అమ్మ వాళ్ళ నాన్నకి ఓన్ సిస్టర్ కదా?” అంది. తర్వాత ఆ జెనెటిక్స్ పిల్లవైపు తిరిగి ఇంగ్లిష్‌లో విడమరిచి చెప్పింది. బావ “బట్ డిఫరెంట్ గోత్రం” అని, ఆ మాటకి ఇంగ్లిష్ దొరక్క ఆగిపోయాడు. ఆ జెనెటిక్స్ పిల్ల మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా ఇద్దరి మధ్య ఉన్న ఒంటి గీతకి పక్కనే, రక్తసంబంధం ఉందని గుర్తుగా ఇంకో గీత గీసింది, అంతే. కార్‌లో నేను తిట్టిన తిట్లన్నీ అప్పుడు నా చెవిలోనే వినబడ్డాయి.

కొన్ని వారాలకి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఒకే జీన్‌లో ఒకే తప్పు, నాలో ఒక కాపీ, బావలో ఒక కాపీ. మాకు రెండో కాపీ మంచిది కాబట్టి కళ్ళు బావున్నాయి. పిల్లకి రెండూ చెడ్డవే వెళ్ళాయి. అది మా నానమ్మ దగ్గర్నుంచి వచ్చిందో మా తాతయ్య దగ్గర్నుంచో ఇప్పుడు తేల్చేవాళ్ళెవరూ లేరు. చూపు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు.

అమ్మాయి మాత్రం దాని గురించి దొరికిందల్లా చదివేసింది. కుక్కలో కూడా ఆ జీనేనట. ఎలుకలోనూ ఉందట, చేపలోనూ ఉందట. మనుషులనేవాళ్ళు పుట్టకముందు నుంచీ కన్నున్న జీవాలన్నీ దాన్ని పిల్లలకి రాసిస్తూ వస్తున్నాయట, రాసేటప్పుడు ఎక్కడో అక్షరం తప్పుతుందట.

“నాకు చేపలతో చుట్టరికం ఎందుకే తల్లీ, ఉన్న చుట్టరికమే కొంప ముంచింది” అన్నాను.

“గోత్రం ఎంత ఓల్డ్ అమ్మా? దీనికంటే ఓల్డా?” అని అడిగి, కుక్క చెవులు పట్టుకుని “వీడూ మనమూ సేమ్ గోత్రం” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ తర్వాత నా నోటికి బావా అన్న మాట రాలేదు. ఆ పిలుపులోనే తప్పంతా ఉన్నట్టు తోచేది. ఏవండీ అనబోతే ఎవరినో పిలిచినట్టుంది. చివరికి ఏమీ పిలవడం మానేశాను. ఏదైనా కావాలంటే ఆయనున్న గదిలోకే వెళ్ళి చెప్పేదాన్ని. ఆయనా పిలవలేదు. ఎవరు ఎవరిని క్షమించాలో తెలియక ఇద్దరం పిల్లుల్లా చప్పుడు లేకుండా తిరిగేవాళ్ళం.

మొన్న డిసెంబర్లో, ఐదింటికే చీకటి పడింది. నేను కిచెన్‌లో పప్పులో పోపు వేస్తున్నాను, హాల్లో లైట్ వెయ్యడం మర్చిపోయాను. చూస్తే అమ్మాయి గోడకి చెయ్యి ఆనించి హాలు మధ్యలో నిలబడిపోయింది. కుక్క దాని కాలికి ఒరుసుకుని నిలబడింది.

“నాన్న ఎక్కడ?” అంది.

“ఏమో, పైన ఉన్నట్టున్నారు.” స్విచ్ దగ్గరికి పరిగెత్తాను.

“ఉండు అమ్మా, లైట్ వెయ్యకు. నువ్వు నాన్నని ఎందుకు పిలవట్లేదు? ముందు అరిచేదానివి కదా, బావా అని. నాన్న ఆఁ అనేవాడు. నువ్వెక్కడో, నాన్నెక్కడో నాకు తెలిసేది. ఇప్పుడు ఇల్లు ఎట్లా ఉందో తెలియట్లేదు.”

పోపు మాడుతున్న వాసన వస్తోంది. స్విచ్ మీంచి చెయ్యి తీసి, మెట్లవైపు తిరిగి గట్టిగా పిలిచాను.

“బావా!”

పైనుంచి బావ, గొంతు సవరించుకుని, “ఆఁ” అన్నాడు.

ఆ చీకట్లో కుక్కా, కూతురూ ఒక్కసారే అటు తల తిప్పారు.