చుట్టింట్లో మాకిస్తామన్న మూల

బందరు బీచ్ రోడ్డు పక్కన మన దివిసీమ గుండ్రటి చుట్టిళ్ల పోలికలో ఆరుబయట షాపింగ్ సెంటర్ కట్టారు. చూడాలనుకునే వాళ్ల కోసం ఇది చెబుతున్నాను. నాకు రాత రాదు, మా కోడలు రాస్తోంది. నేను మాత్రం చూడ్డానికి వెళ్లలేదు, అడగడానికి వెళ్లాను. ఆ స్థలం ముందు మేం నలుగురు ఆడవాళ్లం ఏళ్ల తరబడి ఎండుచేపలు అమ్ముకున్నాం. పని మొదలుపెట్టినప్పుడు మమ్మల్ని లేపేసి, "అయ్యాక మీకూ ఓ మూల ఇస్తాం" అన్నారు. ఆ మూల ఏదో చూసుకుందామని బయల్దేరాను.

తెల్లవారగానే పాలకాయతిప్ప నుంచి ఆటోలో కోడూరు, అక్కణ్నుంచి బస్సులో అవనిగడ్డ, మళ్లీ బస్సు మారి చల్లపల్లి మీదుగా బందరు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. బస్టాండులో ఇడ్లీ తిని, మంగినపూడి వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై, నిండేదాకా కదలదు.

"కొత్త చీర కట్టావు, ఎవరి పెళ్లికి మామ్మా?" అన్నాడు డ్రైవరు.

"గొడవకి. పాత చీరైతే లోపలికి రానివ్వరు."

నిజం చెప్పాలి, కట్టడం బాగుంది. ఆరు గుండ్రటి కొట్లు, పైన తాటాకు కప్పు, చుట్టూ అరుగులు, మధ్యలో అందరికీ ఒకటే వాకిలి. తుఫాను గాలి పక్కకు జారిపోయేలా మా పెద్దలు కట్టుకున్న ఇంటిని అచ్చంగా దించేశారు. నమూనా గీసిన గుడివాడ అమ్మాయి మేస్త్రీ పక్కనే నిలబడి ఉంది.

"మా మూల చూపించమ్మా" అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. "చుట్టింట్లో మూలేంటి మామ్మా? నువ్వు పుట్టింది అలాంటి ఇంట్లోనే కదా."

"అందుకే అడుగుతున్నా. మూల లేని ఇల్లు కట్టి మూల ఇస్తామన్నారంటే ఇవ్వం అనేగా."

అమ్మాయి నెమ్మదిగా వెనక ప్రహరీ వైపు చూపించింది. "అక్కడండీ మామ్మగారూ, బాత్రూముల పక్కన."

"బాత్రూంకి పరిగెత్తేవాడు ఆగి నా ఎండు నెత్తళ్లు బేరమాడతాడా?"

"ముందు పెడితే వాసనండీ. బట్టల కొట్టువాళ్లు ఊరుకోరు."

"మా ఇల్లు కావాలి, మా వాసన వద్దు. ఏ ఊరి న్యాయమమ్మా ఇది?"

నేను గేటు దగ్గరి అరుగెక్కి కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాను. చివరికి ఆ అమ్మాయే యజమానికి ఫోన్ చేసింది. "లేదండీ, లేవరు. మీరొచ్చినా లేవరు," అంటోంది. చాలాసేపు వాదించి ఫోన్ పెట్టేసి, "ఈ అరుగు మీ నలుగురిదండీ. చేపలు మూత డబ్బాల్లో పెట్టుకోవాలి, అంతే" అంది.

మూతలంటే నాకు చిరాకే, అయినా ఒప్పుకున్నాను. ఆ పిల్ల కూడా నా పక్కన కూర్చుని టీ తెప్పించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఇంటి రూపం ఎవరైనా గీస్తారు, తప్పులేదు. అరుగు కట్టాక దాని మీద మనుషులు కూర్చోవాలి, బేరాలాడాలి, పోట్లాడుకోవాలి. అప్పుడే అది అరుగు.

మీరు వెళ్తే ఎండ తగ్గాక, సాయంత్రం వెళ్లండి. గేటు దాటగానే కుడి చేతి వైపు మొదటి అరుగు మాది. బోర్డు వెతకొద్దు; మూతలు పెట్టినా ఆ వాసన ఆగదు, దాన్ని పట్టుకుని వచ్చేయండి.