రద్దయిన నియోజకవర్గపు సభ్యుడు

మా బాబాయి బస్సు డ్రైవరు. మా పేట పేరుతో కొత్తగా ఏర్పడిన నియోజకవర్గం నుంచి ఒకసారి శాసనసభకు గెలిచాడు. ఆ పదవీకాలం ముగిసేసరికి నియోజకవర్గాన్ని ముక్కలు చేసి పక్కవాటిలో కలిపేశారు. పోటీకి చోటే లేక బాబాయి మళ్లీ స్టీరింగు పట్టాడు.

ఒకరోజు బస్సెక్కిన ముసలావిడ నిలదీసింది. “మా వీధి కుళాయి సంగతేం చేశావు?”

“ఆ నియోజకవర్గమే లేదిప్పుడు పెద్దమ్మా.”

“అది లేకపోతే మాకు దాహం వెయ్యదా నాయనా?”

బస్సంతా నవ్వింది. బాబాయికి మాత్రం తల కొట్టేసినట్టయింది. మర్నాడు సెలవు పెట్టి, ఆవిడను వెంటబెట్టుకుని నీటి సరఫరా ఆఫీసులో వరసలో నిలబడ్డాడు.

“మీరెవరు?” అన్నాడు గుమస్తా.

“ఈవిడ కొడుకుననుకోండి.”

నెలల తరబడి తిరిగాక ఆ వీధికి నీళ్లొచ్చాయి. పదవిలో ఉండగా ఆ పని చేయలేదని బాబాయి చివరిదాకా బాధపడ్డాడు.