ట్యాంకు మీది పచ్చ దీపం

నుకుఫెటౌ దీవిలో ఫలైమా చెయ్యి పడని రేడియో లేదు. పెళ్ళయ్యాక కూడా ఆమె సోల్డరింగ్ కడ్డీ వదల్లేదు. మా వంటింట్లో చేపల వాసన కంటే సీసం పొగే ఎక్కువని భర్త వావే వెక్కిరించేవాడు, ఆ పొగలోనే కూర్చుని కడుపారా తినేవాడు.

చర్చి పక్కన ఊరుమ్మడి వాననీళ్ళ ట్యాంకు ఉంది. అందులో నీళ్ళెంతున్నాయో చెప్పే పని పెనితుసి తాతది. రోజూ సాయంత్రం ప్రార్థన గంటకు ముందు వచ్చి, ట్యాంకు గోడను పిడికిలితో కొట్టి, చెవి ఆనించి, "ఫరవాలేదు" అనో "పొదుపు" అనో అనేవాడు. ఊరంతా ఆ మాట మీదే స్నానాలు చేసేది.

తాత తర్వాత ఎవరు చెబుతారన్న బెంగతో ఫలైమా ఒక ఏర్పాటు చేసింది. ట్యాంకులో గొట్టం నిలబెట్టి, దాని లోపల అయస్కాంతం ఉన్న తేలే బంతి వేసింది. గొట్టం వెంట పైనుంచి కిందికి నాలుగు సెన్సర్లు బిగించింది. బంతి ఏ సెన్సరు ఎదుటికొస్తే అది పలుకుతుంది, దాన్ని బట్టి బయట పచ్చదో పసుపుదో ఎర్రదో దీపం వెలుగుతుంది. చిక్కంతా కరెంటుతోనే వచ్చింది. ఉన్నది చిన్న సోలార్ పలక, ముసురు పట్టిందంటే బ్యాటరీ నీరసపడిపోయేది. అందుకని సెన్సర్లను నిద్రపుచ్చి, అప్పుడప్పుడు కరెంటిచ్చి లేపి, అవి కుదుటపడేదాకా ఆగి, జవాబు తీసుకుని మళ్ళీ పడుకోబెట్టేలా చేసింది.

"లేచీ లేవగానే అడిగితే మా ఆయనే తన పేరు తప్పు చెబుతాడు, సెన్సరెంత?" అనేది.

అక్కడితో ఆగలేదు. పై సెన్సరును ముందు అడిగి, అది పలికితే కిందివాటిని అసలు లేపనక్కర్లేదని దీపాలను నడిపే పెట్టెకు నేర్పింది. పైదే పలికాక ట్యాంకు నిండినట్టేగా! తన పిసినారితనానికి తనే మురిసిపోయింది.

పెద్దల సభ మాత్రం తొందరపడలేదు. "చర్చి పండగ దాకా చూద్దాం. ఆ తర్వాత ఉంచాలో పీకాలో చెబుతాం" అన్నారు. ఆ మాటతో ఫలైమాకు కంటి మీద కునుకు కరువైంది.

పండగకు పక్క దీవి వైటుపు నుంచి పడవ నిండా చుట్టాలు దిగారు. దీపం పచ్చగా వెలుగుతోంది. ఆడవాళ్ళు బిందెలకు బిందెలు పట్టి అతిథుల కాళ్ళ మీద కూడా పోస్తున్నారు. అప్పుడొచ్చాడు పెనితుసి తాత. గోడ కొట్టాడు, చెయ్యి ఆనించాడు.

"కుళాయి కట్టెయ్యండర్రా. నీళ్ళు సగం కూడా లేవు."

"పచ్చగా వెలుగుతుంటే కనబడ్డంలేదా తాతా? చెవులు సరే, కళ్ళు పోయాయా?" అంది ఫలైమా పిన్ని లోసా. అందరూ గొల్లుమన్నారు.

ఫలైమాకూ నవ్వు రాబోయింది. కానీ తాత నవ్వలేదు, అదే ఆమెను పట్టుకుంది. చరచరా నిచ్చెనెక్కింది. నాట్యానికని తెచ్చిన పెద్ద లౌడ్‌స్పీకరును, ఎత్తుగా ఉంటే ఊరంతా వినబడుతుందని, ట్యాంకు మూత మీద సరిగ్గా గొట్టం పక్కనే పెట్టారెవరో. దాని వెనకున్న అయస్కాంతం చాలు పై సెన్సరు పలకడానికి. అది పలికాక కిందివాటిని ఎవరు లేపుతారు? మూత తీసి కర్ర దించింది. అది మోకాలెత్తు వరకే తడిసింది.

"పిన్నీ, కట్టెయ్యండి!" పైనుంచే అరిచింది. "దీపం అబద్ధం చెబుతోంది. తప్పు నాదే!"

మర్నాడు సభలో చాపల మీద పెద్దలంతా కూర్చున్నారు. ఫలైమా నిలబడి, ఇకపై నాలుగు సెన్సర్లనూ లేపి అడుగుతానని, ఒకేసారి రెండు పలికితే ఎర్రదీపమే వెలుగుతుందని చెప్పింది. కాస్త కరెంటు ఎక్కువైతే అవుతుందంది.

"ఎందుకమ్మా ఈ తంటా? మన తాత చెవి ఉండగా!" అన్నాడొక పెద్దాయన. తలలు ఊగాయి. ఫలైమా తల దించుకుంది.

పెనితుసి తాత గొంతు సవరించుకున్నాడు.

"ఏ చెవి? ఆ గోడ చప్పుడు వినబడక ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఎండకు గోడ కాలుతుంది. నీళ్ళున్నంత మేర చల్లగా ఉంటుంది. చెయ్యి పెట్టి చెబుతున్నా. ఆ కొట్టడం, చెవి పెట్టడం మీకోసం. ఆ సంగతి చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెడతారని భయపడ్డా." తన అరచెయ్యి కేసి చూసుకున్నాడు. "ఈమధ్య ఇదీ మొద్దుబారుతోంది. దీపం ఉంచండి. తప్పు చెబితే ఈ పిల్ల నిచ్చెనెక్కి అరుస్తుంది. నేను అరవలేకపోయాను."