కొండకోట వాకిట్లో పిల్ల

మీనాక్షి గారు పుట్టింది ఇంగ్లండులోని లెస్టర్‌లో. అక్కడే కాలేజీలో ఫిలాసఫీ చెప్పారు, ఇంగ్లీషులో మూడు మాయలోకపు నవలలు రాశారు, అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగుతో మన కథలు అనువాదం చేశారు. వాటిని పట్టుమని పదిమంది చదివిన పాపాన పోలేదు. అరవయ్యో ఏట కెనడాలోని బ్రాంప్టన్ చేరి, తెలుగు స్టూడెంట్ల బర్త్ సర్టిఫికెట్లు ఇంగ్లీషు చేసి స్టాంపు వేస్తున్నారు. 2023లో ఊళ్లో అద్దె బేస్‌మెంట్లన్నీ చదువుకని వచ్చిన పిల్లలతో కిక్కిరిశాక ఆవిడకు ఊపిరి సలపలేదు.

ఒకరోజు కరీంనగర్ పిల్ల సాత్విక వేర్‌హౌస్ షిఫ్టు నుంచి తిన్నగా వచ్చింది. స్టడీ పర్మిట్ పొడిగింపుకు అప్లై చేస్తే ఇమిగ్రేషన్ నుంచి ఉత్తరం వచ్చిందట. మొదట తను పెట్టిన ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో చెప్పుకునే పత్రం, మరో నలభై మంది పత్రాలతో అక్షరం పొల్లుపోకుండా కలిసిందట. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే పర్మిట్ రాదు.

"నేనది చదవనే లేదు ఆంటీ. కన్సల్టెన్సీ వాళ్లు రాసిన్రు, నేను సైన్ పెట్టిన."

మీనాక్షి గారు ఆ పత్రం చదివారు. రెండో పేరా దగ్గర అరికాలి మంట నెత్తికెక్కింది. అవి ఆవిడ వాక్యాలే. తొలి నవలలో, చదువుకోవడానికి లోపలికి రానివ్వమని కొండకోట వాకిట్లో ఒక పిల్ల కాపలావాళ్లను వేడుకునే మాటలు. కొండకోట తీసి కెనడా పెట్టారు, అంతే. ఇరవై ఏళ్లకు దొరికిన ఒక్క శ్రద్ధ గల పాఠకుడూ దొంగే. నవలలో కల్పన రాస్తే అది కల్పనేనని అందరికీ తెలుసు. ఈ దగుల్బాజీలు దాన్నే నిజమని నలభై మంది పిల్లల మెడకు కట్టారు. పోనీ, ఈ పిల్లకు బుద్ధుండొద్దూ? తన బతుకు కాగితం చదవకుండా సంతకం పెడుతుందా? ఆ మాటే అని కడిగిపారేశారు.

తర్వాత ఒక తెల్లకాగితం ముందుకు తోసి, ఎందుకొచ్చావో తెలుగులో నువ్వే రాయమన్నారు. గంట కూర్చుని ఆ పిల్ల రాసింది: "మా నాన్న పత్తి లారీ మిల్లు గేటు ముందు మూడు రోజులు ఆగుతది. సరుకు ఎందుకు ఆగుతదో తెలుసుకుందామని ఈ సప్లై చెయిన్ కోర్సుల చేరిన."

ఆవిడ ఒక్క అలంకారం కూడా చేర్చకుండా దాన్ని ఇంగ్లీషు చేశారు. ఆ దొంగ వాక్యాలు తనవని, నవల పేజీతో సహా, ఇంకో ఉత్తరం జత చేశారు.

స్టాంపు తీస్తుంటే సాత్విక అడిగింది. "ఆంటీ, మీ కథల ఆ పిల్లను లోపలికి రానిచ్చిన్రా?"

మీనాక్షి గారు స్టాంపును ఇంకు ప్యాడ్ మీద అద్దారు.

"లేదు. వాకిట్లోనే చచ్చిపోయింది. చదివేవాళ్లు ఏడవాలని నేనే చంపాను."

తన మీద తనకే ఒళ్లు మండి, బల్ల అదిరేలా స్టాంపు కొట్టారు.