నేను దాటేసిన అధ్యాయాలు

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో వాక్యం చదవాలంటే ఇప్పటికీ నన్నే పిలుస్తారు. ఈ వయసులో కూడా గొంతు ఖంగుమంటుందట, ఒక్క అక్షరం తడబడదట. చదివి దిగి వస్తుంటే ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు తలలూపుతారు. "పెద్దాయన చిన్నప్పట్నుంచీ భక్తిపరుడు" అని వెనకెవరో ఎవరికో చెప్పడం రెండు మూడుసార్లు నా చెవిన పడింది. పడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు. ఆ మాట నిజం కాదని తెలిసి కూడా తల వంచుకుని వినయంగా వచ్చి కూర్చుంటాను చూడండి, ఆ మనిషి మీద.

నేను పైకి చదవడం నేర్చుకున్నది బడిలో కాదు. లాలాగూడలో, చూపు పోయిన ఒక ముసలమ్మ గదిలో.

మా నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టరు వెనక వరసలో ఒక గార్డుగారు ఉండేవారు. ఆయన అక్కగారే ఈ ముసలమ్మ. గుంటూరు వైపు మనిషి. నలభై ఏళ్లు అక్కడి మిషనులో బైబిలు స్త్రీగా పనిచేసింది. అంటే ఊరూరా కాలినడకన తిరిగి, చదువురాని ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు పిండి విసురుతుంటేనో వడ్లు దంచుతుంటేనో దేవుడి సంగతులు చెప్పడం. కళ్లకు పొరలు కమ్మాక తమ్ముడి పంచన చేరింది. పెరట్లో ఒక చిన్న గది ఇచ్చారు. కాలనీలో అందరికీ ఆవిడ బైబిలమ్మ. నాకు మాత్రం, చుట్టరికం ఏమీ లేకపోయినా, అమ్మమ్మ.

నేను మెట్రిక్ పరీక్ష రాసి ఖాళీగా ఉన్న రోజుల్లో ఆవిడ మా అమ్మకు కబురు పెట్టింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బైబిలంతా ఒక్కసారి వినాలని ఉంది, మీ అబ్బాయి చదివిపెడతాడా అని. అమ్మ నన్ను అడగనైనా లేదు. "ఊకెనే కూసోని ఏం జేస్తవు? రోజు పొద్దుగాల జెర పొయ్యి సదివిపెట్టు. గామెకెవరున్నరు?" అని తోలింది.

పొద్దున ఆరు గంటలకు వెళ్లేవాణ్ణి. ఆవిడ గుమ్మం దగ్గర చాప మీద, ఒళ్లో చాట పెట్టుకుని, రేషను బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేది. కళ్లతో ఏరేవాళ్ల కంటే ఆవిడ వేళ్లే నయమని గార్డుగారి భార్య తన బియ్యం కూడా ఇచ్చేది. నేను ఎదురుగా పీట మీద కూర్చుని చదివేవాణ్ణి. మొదటి వారం ఆవలింతలు. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో చెప్పలేను గాని, పొద్దున ఎవరూ లేపకుండానే మెలకువ రావడం మొదలైంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయేవాణ్ణి. ఆవిడ తొందరపెట్టేది కాదు. ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్లం. ఆ నిశ్శబ్దంలో మూడో మనిషి ఎవరో ఉన్నట్టు నాకు అనిపించేది. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారేమో. నేను మాత్రం నవ్వలేను. నా బతుకు మొత్తంలో దేవుడంటే కబురు కాదు, ఎదురుగా ఉన్నవాడు అని తెలిసింది ఆ రెండు మూడు నెలల్లోనే.

అంతలో, నలభై ఎనిమిది సెప్టెంబరులో, పోలీసు యాక్షన్ వచ్చింది. అంతకు ముందు నుంచే ఊరంతా పరేషాన్‌గా ఉంది. రజాకార్ల కబుర్లు ఒకవైపు, సరిహద్దుల్లో ఇండియా మిలిటరీ దిగిందన్న కబుర్లు ఇంకోవైపు. విమానాలు తిరగడం మొదలయ్యాక మా కాలనీ వాళ్లకు అన్నం సహించలేదు. వర్క్‌షాపు ఉంది కాబట్టి మొదటి బాంబు మన మీదే అని ఒకడు. కాదు, బొల్లారంలో నిజాం దండు మీద అని ఇంకొకడు. ఇద్దరూ ఏమీ తెలియనివాళ్లే. ఆ అయిదు రోజులూ నేను పగలంతా అమ్మమ్మ గదిలోనే ఉన్నాను. వరస వదిలేసి కీర్తనలు చదవమంది. చదువుతూనే విమానం చప్పుడు కోసం చెవి పెట్టేవాణ్ణి. ఆవిడ మాత్రం బియ్యం ఏరుకుంటూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం విమానం ఒకటి బాగా కిందికి దిగి మా ఇళ్ల మీదుగా పోయింది. పెంకులు అదిరాయి. పుస్తకం పక్కన పెట్టి మోకాళ్ల మీద పడ్డాను. మమ్మల్ని బతికించు ప్రభువా, బతికిస్తే నా జీవితం నీకే, నీ సేవకే పోతాను, ఇంకే పనీ చేయను అని పైకే అనేశాను. ఎవరో అనమంటే అన్న మాట కాదు. అమ్మమ్మ తడుముకుంటూ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. ఆవిడ ఏడవడం అదొక్కసారే చూశాను.

బాంబు పడలేదు. అయిదో రోజుతో అంతా అయిపోయింది. మిలిటరీ వస్తుంటే చూడటానికి నేనూ సైకిలేసుకుని బొల్లారం వైపు పోయి, దండలు వేసేవాళ్ల మధ్య నిలబడి గొంతు పోయేలా అరిచి వచ్చాను. వస్తూ వస్తూ చూస్తే నాకు ఉర్దూ చెప్పిన మౌల్వీగారి ఇంటి తలుపులు మూసి ఉన్నాయి. దిగి పలకరించాలనిపించింది గాని దిగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా మనసులో పిలుపు వినబడినా ఆగకుండా పోవడం ఆ రోజే షురూ అయింది.

అమ్మమ్మ నా మాటను అయ్యగారితో చెప్పింది. మాలో పాస్టరుగారిని అయ్యగారనే అంటాం. ఆయన సంతోషించి, వచ్చే జూన్‌లో పాస్టరు చదువుకు సెమినరీలో చేరడానికి దరఖాస్తు కాగితం తెప్పించి నా చేతికిచ్చారు. దాన్ని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టాను. "బైబిలు ఒకసారి పూర్తిగా అయ్యాక వెళ్లు నాయనా, తొందరేం లేదు" అంది అమ్మమ్మ. జూన్ కల్లా అయిపోతుందని ఇద్దరం అనుకున్నాం.

ఆఫీసులన్నీ తారుమారయ్యాయి. నిన్నటి దాకా ఉర్దూలో నడిచిన కాగితాలు ఇంగ్లీషులోకి మారడం మొదలుపెట్టాయి. టైపు వచ్చినవాణ్ణి పిలిచి కుర్చీ వేస్తున్నారని వర్క్‌షాపులో ఎవరో నాన్నకు చెప్పారు. ఆ సాయంత్రం నాన్న చేతులు కడుక్కుంటూ అన్నాడు, "ఉర్దూ ఉర్దూ అని నిన్ను సతాయిస్తి. గది పాయె. ఇప్పుడు ఇంగ్లీషు మిషిన్ నేర్చుకో. నా లెక్క నువ్వు సుత గ్రీజుల చేతులు పెట్టుడు నాకిష్టం లేదు."

నాన్నను తప్పు పట్టను. ఆయన అడిగింది న్యాయం. పైగా నాకూ ఇష్టమే. తెల్ల చొక్కా, ఫ్యాను కింద కుర్చీ, బల్ల మీద మిషను. చెప్పొద్దూ, ఆ బొమ్మ నా కళ్లముందు కదులుతుంటే మూడో మనిషి కనుమరుగయ్యాడు.

మోండా మార్కెట్ దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లు తక్కువ, జనం ఎక్కువ. నాకు దొరికింది పొద్దున ఏడు గంటల వంతు. దానికి అందుకోవాలంటే అమ్మమ్మ దగ్గర అరగంట కంటే ఉండటానికి లేదు. ఆవిడతో ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. రోజుకు ఒక్క అధ్యాయమే చదువుదామనేది. కాని నాకు టైపు లోయర్ పరీక్ష పాసవ్వాలి, జూన్ లోపల బైబిలూ పూర్తి కావాలి, భక్తిపరుడన్న పేరూ పోకూడదు. అందుకని పేజీలు తిప్పేయడం మొదలుపెట్టాను.

మొదట వంశావళులు. ఎవడు ఎవణ్ణి కన్నాడో వినకపోతే ఈ ముసలమ్మకు వచ్చే నష్టమేమిటి? తర్వాత దేవాలయం కొలతలు. మూరలూ జేనలూ ఎవరికి కావాలి? అలా అలా ప్రవక్తల దగ్గరికి వచ్చేసరికి వరసగా రెండేసి, మూడేసి అధ్యాయాలు. గొంతు మాత్రం తగ్గించలేదు. ఎక్కడ వదిలి ఎక్కడ అందుకుంటే అతుకు తెలియదో నాకు బాగా పట్టుబడింది. నేను దాటేసిన ప్రతిచోటా ఆవిడ వేళ్లు చాటలో ఒక్క క్షణం ఆగేవి. రాయి తగిలిందేమో అనుకునేవాణ్ణి. అలా అనుకోవడం నాకు వీలుగా ఉండేది.

జూన్ దగ్గరకొచ్చింది. అయ్యగారు మందిరం గేటు దగ్గర ఆపి దరఖాస్తు సంగతి అడిగారు. "ప్రార్థన చేస్తున్నానండీ" అన్నాను. మా క్రైస్తవుల్లో కాదని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు. ఆ మాట అన్నాక అవతలివాళ్లు ఇంకేమీ అడగలేరు. నిజానికి ఆ సంగతి గురించి నేను ఒక్క రోజు కూడా ప్రార్థన చేయలేదు. చేస్తే ఆయన జవాబు చెబుతాడేమోనని భయం.

ఆ జూన్ పోయింది. మధ్య మధ్య నాగాలు పెట్టడంతో బైబిలు మాత్రం పూర్తి కాలేదు. లోయర్ పాసయ్యాను, తర్వాత హయ్యరూ పాసయ్యాను. ఆ ఏడాది చివర్లో హైదరాబాదులో సర్కారు ఆఫీసులో టైపిస్టుగా ఆర్డరు వచ్చింది. ఇంట్లో స్తోత్ర కూటం పెట్టారు. వచ్చినవాళ్లంతా దేవుడు నా ప్రార్థన విన్నాడని ఆయన్ను స్తుతించారు. అయ్యగారు కూడా వచ్చారు. ప్రార్థన చేసి, టీ తాగి, నా వైపు చూడకుండా వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున అమ్మమ్మ దగ్గరికి వెళ్లి, ఇక రోజూ రాలేనని చెప్పాను.

"మంచిది నాయనా. మీ నాన్న సంతోషపడతాడు" అంది. చాటలో చేతులు ఆడుతూనే ఉన్నాయి. "ఇంతకీ ఎక్కడిదాకా వచ్చాం?"

"ప్రవక్తలు అయిపోవచ్చారమ్మమ్మా. ఇంక కొత్త నిబంధన ఒక్కటే."

"నువ్వొచ్చావు. నేనింకా వెనకాలే ఉన్నాను."

నాకు అర్థం కాలేదు. ఆవిడ చాట పక్కన పెట్టి, మొహం గోడ వైపు తిప్పి, మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలయ్యాక గుర్తుపట్టాను. అంతకు ముందు వారం నేను పైపైన చూసి తిప్పేసిన పేజీ అది. అది అయ్యాక అంతకు ముందు నెలది. ఆ తర్వాత దేవాలయం కొలతలు, ఒక్క మూర తప్పకుండా.

"మీకు అంతా కంఠతా వచ్చా?" అన్నాను.

"నలభై ఏళ్లు చెప్పిందాన్ని, రాకుండా ఎక్కడికి పోతుంది?"

"మరి నాచేత ఎందుకు చదివించుకున్నారు?"

"మొదట్లో, ఖాళీగా తిరుగుతున్నాడు, నాలుగు మంచి మాటలు చెవిన పడతాయని. తర్వాత నువ్వే సేవకు పోతానంటివి. దారిబత్తెంగా ఉంటుందనుకున్నాను."

దొరికిపోయినవాడికి కోపం వస్తుంది. నాకూ వచ్చింది. "ఇప్పుడు మాత్రం పోనని ఎవరన్నారు? నాన్న రిటైరయ్యేదాకా చేస్తాను. ఇల్లు కుదుటపడ్డాక పోతాను. దేవుడు ఎక్కడికి పోతాడు?" అన్నాను.

ఆవిడ అవునన్నట్టు తలూపింది. "ఎక్కడికీ పోడు" అంది. మొహం నా వైపు తిప్పి, "ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ రోజు విమానం పోతుంటే ఇక్కడ మోకాళ్ల మీద పడి నువ్వు అడిగింది దేవుణ్ణా, ప్రాణాన్నా?" అంది.

ఏడాదిపాటు ఆవిడ ముందు కూర్చుని మోసం చేశాను. ఆ ఒక్కసారి ఎందుకో చేయలేకపోయాను.

"ప్రాణాన్నే అమ్మమ్మా."

"అదిచ్చాడుగా. తీసుకెళ్లు నాయనా."

కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. అడిగినవాడి చేతిలో అడిగింది పెట్టి పంపించినట్టు అంది. కాదమ్మమ్మా, నాకు ఆయనే కావాలి అని నేను అక్కడే అనవలసింది. ఆవిడ కూడా అందుకోసమే ఒక నిమిషం చెవి ఒగ్గి కూర్చున్నట్టుంది. నేను చెప్పులు వేసుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు బతికింది. మా పెరటి గోడకు ఆవలే ఉన్నా నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆఫీసు, ఆఫీసు అన్నాను. నాన్న రిటైరయ్యాడు, ఇల్లు కుదుటపడింది, నేనూ రిటైరయ్యాను. ఇచ్చిన ప్రాణాన్ని ఆరోగ్యంగా, పరువుగా వాడుకున్నాను. దేవుణ్ణి మాత్రం ఎన్నడూ మనసారా అడగలేదు. సంఘంలో పెద్దరికం చేశాను, కానుకలు వేశాను, వాక్యం చదివాను. ఎవరైనా నన్ను ఇంకేమైనా అడిగితే ప్రార్థన చేస్తున్నానన్నాను.

ఆ పొద్దున గది బయట సైకిలు స్టాండు తీస్తుంటే నాకు దుఃఖం రాలేదు. ఒళ్లంతా తేలికైంది. అమ్మయ్య, వదిలింది అనుకున్నాను. ముసలమ్మ పీడ వదిలిందని అనుకున్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అది ఆవిడ గురించి అనుకున్న మాట కాదు, దేవుడి గురించి అనుకున్న మాట. ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది.