తొమ్మిది సెకన్ల నిశ్శబ్దం మీద ఒక సదస్సు

ఒక పాట నచ్చితే విని ఊరుకునే వయసు నాకూ ఉండేది. తర్వాత దాని గురించి వాదించే వయసు వచ్చింది. ఇప్పుడు వాదించేవాళ్లకు చాయ్ చెప్పే వయసు నడుస్తోంది. ఆ రోజుల్లో మా బ్యాండు పేరు ఎర్రచెలక. (మా బ్యాండు అంటే నేను అందులో వాయించానని కాదు, వైర్లు చుట్టిపెట్టడానికి కూడా వాళ్లు నన్ను నమ్మలేదు.) పాడేవాడిది గద్వాల, గిటారు వనపర్తి, డ్రమ్ములు నాగర్‌కర్నూల్. పాలమూరు మాటలతో రాక్ పాటలు కట్టి, మూడేళ్లు మమ్మల్ని ఎగిరించి, ఆ తర్వాత పెళ్లిళ్లూ కొలువులూ మీద పడి ఎవరి దారిన వాళ్లు పోయారు. బ్యాండు పోయింది కానీ అభిమానులం మిగిలిపోయాం. మా వాట్సాప్ గ్రూపుకు నేను అడ్మిన్ని. పగవాడికి కూడా వద్దు ఆ పదవి.

మా చిన్నాయన బిడ్డ, నాకు అక్క, నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఆమె ఎర్రచెలక మీద ఏకంగా జాతీయ సదస్సు పెట్టించింది. అది బాగా జరిగితేనే కాంట్రాక్టు పొడిగిస్తామని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడట. గ్రూపులో నిప్పంటుకుంది. అందరికంటే ముందు లేచినవాడు తకరారన్న. (ఏ మాటకైనా అడ్డం తిరుగుతాడని ఆ పేరు. పెళ్లిచూపుల్లో కూడా పిల్ల వాళ్లతో ఉప్మా గురించి తగాదా పడ్డాడు.) అక్క సెలవుకు గద్వాల వచ్చిన రోజు ఇద్దరూ నా ముందే బస్టాండు పక్క హోటల్లో ఎదురుపడ్డారు.

"పాట ఇని ఎగరాలె గని, కోట్లేస్కొని పేపర్లు సదువుడేందమ్మా? మన పాటకు పోస్టుమార్టం జేస్తరా?" అన్నాడు తకరారన్న.

"నువ్వు ఎగిరి ఇంటికి వోయి పండుకుంటవన్నా. రేపు నీ కొడుకు అడిగితే ఏం జూపిస్తవు? ఎవలన్న రాసిపెట్టాలె గద" అంది అక్క.

మూడు చాయ్‌లు అయ్యాయి, తేలలేదు. ఆయన నా వైపు తిరిగి "నువ్వు జెప్పు అడ్మినూ, గిసుంటియి పనికొస్తయా?" అన్నాడు. నేను నాలుగో చాయ్ చెప్పాను. అప్పుడు అక్క తన పేపరు సంగతి బయటపెట్టింది. ఎర్రచెలక పాటల్లో పేరు మోసినదాని నడుమ తొమ్మిది సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో సన్నగా డబ్ డబ్ అని చప్పుడు. "అది మగ్గం చప్పుడు తమ్మీ! నేతగాండ్ల బతుకును పాట నడుమల దాచిపెట్టిండ్రు. నా పేపరంత దాని మీదనే" అంది. నాకు చాయ్ పొలమారింది.

ఎందుకంటే ఆ పాటకు మిగిలిన రికార్డింగు ఒక్కటే, అది నా ఫోన్లోది. మాది నేత ఇల్లు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలవాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. మా ఇంట్లో ఆ రెండోవాణ్ని నేను. ఆ రోజు కడుపునొప్పి అని చెప్పి దవాఖానకని బయల్దేరి, కాలేజీ గ్రౌండులో తేలాను. స్టేజీ మీద ఎర్రచెలక పాట మంచి ఊపు మీద ఉండగా, నేను దాన్ని ఫోన్లో తీస్తుంటే, గేటు దగ్గర బనీను మీద కండువా వేసుకుని బాపు కనిపించాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోను అంగీలోకి దూర్చి, చంకలో బిగించి, తల వంచుకున్నాను. మళ్లీ తలెత్తితే గేటు దగ్గర బాపు లేడు, పోయాడనుకుని ఫోను బయటికి తీశాను. పాటయ్యాక తిరిగి చూస్తే బాపు నా వెనకే ఉన్నాడు. "పా, అంచు ఆగింది" అన్నాడు, అంతే. ఆ తొమ్మిది సెకన్లు నా చంక. ఆ డబ్ డబ్ నా గుండె. వీడియో ఊరంతా పాకి, నిశ్శబ్దం లేకపోతే జనం ఒప్పుకోక, చివరికి బ్యాండు వాళ్లే స్టేజీ మీద తొమ్మిది లెక్కపెట్టుకుని ఆగేవారు. నేను ఎవరికీ చెప్పలేదు.

సదస్సు రోజు బస్సులో తకరారన్న నా పక్కన కూర్చున్నాడు. వనపర్తి దాటినా ఆయన వాదన ఆగలేదు. బిజినేపల్లి వచ్చేసరికి నా తల దిమ్మెక్కిపోయి, ఆ నోరు మూయిస్తే చాలని, నిజం కక్కేశాను. ఆయన ముఖం పండగయింది. "అరే వారీ! ఇగ జూడు, నిండు సభల లేచి జెప్త!" అన్నాడు. అక్క కొలువు నా నోటితో నేనే తీశానని అప్పుడు తెలిసింది. బతిమాలాను. ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం, శాలువాలకు ఇంకో గంట. అక్క పేపరు చదివి, లైట్లు తగ్గించి, ఆ తొమ్మిది సెకన్లు వినిపించింది. హాలు నిండా నా గుండె కొట్టుకుంది. ప్రశ్నలుంటే అడగమనగానే తకరారన్న లేచాడు. "మేడం, గది మగ్గం గాదు..." ఆయన నోట అక్క పరువు పోవడం కంటే నా నోట పోవడమే నయమనిపించి, నేనూ లేచాను. చంకతో సహా మొత్తం చెప్పాను. ముందు అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన నవ్వాడు, తర్వాత హాలంతా. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అక్క కాగితాలు పట్టుకుని మైకు దగ్గరికి జరిగింది. "తమ్మీ, మరి ఆ దినం మీ మగ్గం నడిచిందా?"

"ఎట్ల నడుస్తదక్కా? రెండోవాణ్ని నేనే గద. ఆగింది."

"ఒక్కడు పాటకు వోతే ఇంట్ల ఒక చీర ఆగింది. నా పేపర్ల ఇదే లేకుండె" అని కలం తీసి అక్కడే రాసుకుంది. నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. తకరారన్న కూర్చుంటూ, "గిట్లయితే పనికొస్తది" అని గొణిగాడు. (ఇప్పుడు అలా అనలేదంటాడు.) అక్కకు ఇంకో ఏడాది పొడిగించారు. ఏటేటా అదే తిప్పలు, అది వేరే సంగతి.

ఇంటికి వచ్చి, ఫోను బాపు చెవి దగ్గర పెట్టాను.

"ఏందిరా ఇది? బోరు మోటరా?"

"నా గుండెనే బాపూ. ఆ దినం గేటు కాడ నిన్ను జూసి..."

బాపు ఇంకోసారి పెట్టమన్నాడు. విన్నాడు. "నేనేం జేస్తననుకుని గంత బుగులువడ్డవురా?" అన్నాడు. "నిన్ను అప్పుడే జూసిన. ఆ పోరడు మంచిగ పాడుతుండె. అయినంక పిలుద్దమని నీ ఎనకనే నిలవడ్డ."

గ్రూపులో వాదన ఇంకా నడుస్తోంది; రెండో సదస్సు పెట్టాలా వద్దా అని. నాకు ఓపిక లేదు, చూసి పక్కన పెడతాను. అప్పుడప్పుడు ఆ తొమ్మిది సెకన్లు మాత్రం వింటాను. ఇరవై ఏళ్లవాడు ఒకడు తల వంచుకుని వణుకుతుంటాడు. ఒక్కసారి ఎనకకు తిరిగి చూడరా పిచ్చోడా, మీ బాపు కూడా పాట వింటున్నాడు అని చెప్పాలనిపించి, నాలో నేనే నవ్వుకుంటాను.