అంచు దగ్గర మొదలు

2022. కరోనా సెలవుల తర్వాత పిల్లలు మళ్లీ బడికి అలవాటు పడుతున్న ఏడాది. వరంగల్ కొత్తవాడలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నేను ఆయాని. అంతకుముందు ముప్పై ఏళ్లు మగ్గం మీద దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేశాను. అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. అందుకే కాబోలు, మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండో తరగతి పిల్లలతో రాత సాధన చేయించే పని టీచరమ్మ నాకే అప్పగించింది.

ఆ గంట నాకు కలలా ఉండేది. కిటికీలోంచి పడే ఎండలో దూది నలుసులు మెల్లగా తేలేవి. పక్క వాడకట్టు మగ్గాల చప్పుడు దూరం నుంచి వచ్చి పిల్లల కళ్ల మీద నిద్రలా వాలేది.

నెలాఖరుకు బేస్‌లైన్ టెస్ట్. పిల్లలకు చదువు ఏ మేరకు వచ్చో చూసే పరీక్ష అది. టీచరమ్మ ఐదు వాక్యాల కథ డిక్టేషన్ చెబుతుంది, అంటే చదివి వినిపిస్తుంది. పిల్లలు విని రాయాలి. రాయలేని వాళ్లు ఒకటో తరగతి గదిలో కూర్చోవాలి. నా దగ్గర రాత నేర్చుకునే నవ్యకు ఆ భయం పట్టుకుంది. ఆ గదిలో దాని తమ్ముడున్నాడు మరి.

"వాని పక్కన కూసుంటే ఇంట్ల రోజూ ఎక్కిరిస్తడు అవ్వా," అని ముక్కు చీదింది.

దాని అక్షరాలు ముత్యాలు. కథ మాత్రం తలకిందులు. సాధన కథలో తప్పిపోయి ఇల్లు చేరాల్సిన కుక్కపిల్ల, దాని పేజీలో ముందు ఇల్లు చేరేది, ఆ తర్వాత తప్పిపోయేది. టీచరమ్మ ఎర్రసిరాతో సున్నా చుట్టింది. నేనూ తక్కువ తినలేదు. "చెవులు ఏడవెట్టుకొని వింటున్నవే?" అని కసిరి, మూడు రోజులు రబ్బరుతో పేజీ చిరిగేదాకా చెరిపించాను.

నాలుగో రోజు కసరడం మాని దాని వెనక కూర్చుని చూశాను. మొదటి వాక్యం పేజీ అడుగున, పొట్టకు దగ్గరగా రాసింది. రెండోది దాని పైన. మూడోది ఇంకా పైన.

"గిట్ల కిందికెల్లి ఎందుకు రాస్తున్నవే?"

"మా నాయిన గట్లనే నేస్తడు గదా అవ్వా. పైకెల్లి మొదలువెడితే పోగు దేని మీద ఆగుతది?"

కరోనా కాలమంతా అది చూసిన బడి తండ్రి మగ్గమే. దర్రీ మొదటి వరస నేతగాడి దగ్గర పడుతుంది, తర్వాతివి ముందుకు జరుగుతూ పోతాయి. ముప్పై ఏళ్లు నేసిన నేను అది గుర్తుపట్టలేదు. నాలుగు అక్షరాలు రాగానే అంత గొప్పదాన్నయ్యాను!

మర్నాడు ఇంటి నుంచి ఎర్రనూలు పోగు తెచ్చి దాని పేజీ పైభాగాన అంటించాను. "ఇది అంచు. బడి పుస్తకంల అంచు పైన ఉంటది. ఈడికెల్లి కిందికి నెయ్యి."

"అంటే మగ్గానికి అవుతలి దిక్కు కూసున్నట్టా?"

"ఆ, అట్లనే అనుకో."

పరీక్ష రోజు కథ అదే, కాగితాలు మాత్రం కొత్తవిచ్చారు. పోగు లేదు. నేను నీళ్ల బిందెతో గుమ్మంలో నిలబడ్డాను, మాట్లాడకూడదు. నవ్య పెన్సిల్ కాగితం అడుగునే ఆగింది. వీధిలో మగ్గాలు కొడుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆ పెన్సిల్, ఆ చప్పుడుతో పాటే కదిలినట్టు, పైకి పోయింది. పైన వరసగా చిన్న చిన్న ముక్కోణాలు గీసింది. వాళ్ల నాయిన నేసే అంచు అదే. దాని కింద మొదటి వాక్యంలో కుక్కపిల్ల తప్పిపోయింది.

"ఇవేం గీతలమ్మా?" అంది టీచరమ్మ.

"అంచు టీచర్. అది లేకుంటే కథ ఊడిపోతది."

ఐదో వాక్యంలో కుక్కపిల్ల ఇల్లు చేరింది. నవ్య రెండో తరగతిలోనే ఉండిపోయింది.

ఇప్పటికీ పిల్లలు తప్పు రాస్తే నా చేయి రబ్బరు మీదికే పోతుంది, అబద్ధమెందుకు. దాన్ని ఆపుకొని, వెనక కూర్చుని, ముందు అడుగుతాను: "ఏడికెల్లి మొదలువెట్టినవ్ బిడ్డా?"